పొడుగు పిల్లాడు రింగు కిందే ఎందుకు నిలబడాలి?

ప్రశ్న: నమస్కారం సార్. నేను ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో పీఈటీని. కబడ్డీ ఆటగాణ్ని. బాస్కెట్‌బాల్ బీపీఈడీలో నేర్చుకున్నదే తప్ప పోటీల్లో ఆడలేదు. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని మాకు సిమెంటు కోర్టు వేయించారు. రోజూ సాయంత్రం గంటసేపు 26 మంది పిల్లలు వస్తారు, వాళ్లలో ఏడుగురు ఆడపిల్లలు. బంతులు ఐదు, అన్నీ పెద్ద సైజువే. ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి 5 అడుగుల 10 అంగుళాలు ఉన్నాడు. వాణ్ని రింగు కింద నిలబెట్టి, బంతి పైకి అందిస్తే వేసేస్తాడు. మండల స్థాయిలో అలాగే గెలిచాం. జిల్లా ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్-14 పోటీల్లో మాత్రం ఒక జట్టు కోర్టంతా వెంటపడి ఆడింది. బంతి సగం గీత కూడా దాటించలేకపోయాం. 41-9తో ఓడిపోయాం. పొడుగబ్బాయికి బంతే అందలేదు. యూట్యూబ్‌లో చూసి రెండు మూడు ప్లేలు (ఎవరు ఎటు కదలాలో ముందే అనుకున్న ఎత్తుగడలు) నేర్పించాను, మ్యాచ్‌లో ఒక్కటీ ఎవరికీ గుర్తు రాలేదు. కప్పు తెస్తేనే ఆట, లేకపోతే ఆ గంట స్టడీ అవర్ పెడదామని హెడ్మాస్టరు గారు అంటున్నారు. పిల్లలకు ఏది ముందు, ఏది తర్వాత నేర్పాలి? ఈ ఆట ఆడని నేను నేర్పగలనా?

సమాధానం:

మాస్టారూ,

మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పొడుగబ్బాయికి బంతి అందలేదన్నారు. అబ్బాయి మీరు నిలబెట్టిన చోటే ఉన్నాడు. బంతిని అక్కడిదాకా తెచ్చే చేతులు, కాళ్లు మిగతా నలుగురికీ లేవు. మండల స్థాయిలో ఆ లోటు బయటపడలేదు, ఎందుకంటే అక్కడి జట్లు సగం కోర్టు మీకు వదిలేసి వెనక్కి వెళ్లి నిలబడేవి. జిల్లాలో ఎదురైన జట్టు ఆ సగం ఊరికే ఇవ్వలేదు. కాబట్టి కొత్త ప్లేలు, ఎత్తుగడలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఈ ఏడాదంతా మీకు ఒకటే పని: 26 మందిలో ప్రతి ఒక్కరూ బంతి చేతికొచ్చినప్పుడు కంగారు పడకుండా ఆడగలగాలి. పొడుగబ్బాయితో సహా.

ఇలా కోర్టంతా వెంటపడి ఆడే డిఫెన్స్‌ను ప్రెస్ అంటారు. అందులో ఏం జరుగుతుందో చూడండి. బంతి లోపలికి వేయడానికి 5 సెకన్లు, సగం గీత దాటించడానికి 8 సెకన్లు. మీవాడు బంతి అందుకోగానే తల దించి కుడిచేత్తో డ్రిబుల్ చేసుకుంటూ (బంతిని నేలకు కొడుతూ) సైడ్ లైన్ వైపు పరిగెత్తి ఉంటాడు. అక్కడ ఆ గీతే ఇంకో డిఫెండర్‌లా పనిచేస్తుంది. ఎదురుగా ఒకడు, పక్క నుంచి మరొకడు వచ్చేసరికి డ్రిబుల్ ఆపేసి, బంతి నెత్తి మీద పెట్టుకుని, ఎవరి పేరో అరుస్తూ విసిరేసి ఉంటాడు. మీ మ్యాచ్ నేను చూడలేదు గానీ, పదమూడేళ్ల పిల్లలు ప్రెస్‌లో చిక్కితే ఎక్కడైనా జరిగేది ఇదే. ఇద్దరు కలిసి ఒకడి మీదికి వచ్చారంటే మనవాడు ఇంకెవడో ఖాళీగా ఉన్నట్టే. వాణ్ని చూడాలంటే తల పైకి ఉండాలి. చూసేంత వ్యవధి దొరకాలంటే కాళ్లు అదుపులో ఉండాలి.

అందుకే ముందు నేర్పాల్సింది కాళ్లు. దీనికి బంతులు అక్కర్లేదు కాబట్టి ఐదే ఉన్నాయన్న బెంగ కూడా లేదు. పిల్లలు పరిగెత్తుకొస్తారు, మీరు విజిల్ వేస్తారు, రెండు కాళ్ల మీద ఒకేసారి ఆగుతారు. మోకాళ్లు వంచి, నడుం కిందికి దించి, మడమలు నేలకు ఆనీ ఆననట్టుగా. ఇది జంప్ స్టాప్. ఇలా ఆగినవాడు ఏ కాలినైనా పివట్ కాలుగా, అంటే నేల మీద కదలకుండా ఉంచి చుట్టూ తిరిగే కాలుగా, పెట్టుకోవచ్చు. ఒక కాలు ముందు, ఇంకో కాలు తర్వాత పడితే మాత్రం ముందు పడిన కాలే పివట్. ఆగాక ఆ కాలి మీద ముందుకు తిరగడం, వెనక్కి తిరగడం. బంతి గడ్డం కింద, మోచేతులు బయటికి. ఇద్దరు మీద పడుతున్నా పివట్ తిరుగుతూ రెండు మూడు సెకన్లు నిలబడగలిగిన పిల్లాడు బంతి పోగొట్టుకోడు. నన్నడిగితే అండర్-14 జట్టుకు డ్రిబ్లింగ్ కన్నా, షూటింగ్ కన్నా ఇదే ముందు. చూడ్డానికి ఆకర్షణ ఉండదు కాబట్టి చాలామంది కోచ్‌లు మొదటి వారంలో ఒకసారి చూపించి వదిలేస్తారు. మీరు రోజూ మొదటి పది నిమిషాలు దీనికే ఇవ్వండి. వేరే వార్మప్ అక్కర్లేదు.

ఇక్కడ ట్రావెలింగ్ గురించి, అంటే బంతి పట్టుకుని అనుమతికి మించి అడుగులు వేసే తప్పు గురించి ఒక మాట. 2017లో అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నిబంధన మార్చింది. కదులుతూ బంతి అందుకున్నవాడికి, డ్రిబుల్ ముగిస్తున్నవాడికి, బంతి చేతికి దొరికిన క్షణంలో నేల మీదున్న కాలు లెక్కలోకి రాదు. ఆ తర్వాత రెండు అడుగులు. పాత పద్ధతిలో నేర్చుకున్న రిఫరీలు కొందరు ఇప్పటికీ విజిల్ వేస్తుంటారు. పిల్లలకు కొత్త నిబంధన చెప్పండి, రిఫరీతో వాదించొద్దనీ చెప్పండి. పెద్ద పోటీలకు వెళ్లేసరికి సరైనదే అలవాటై ఉండాలి.

కాళ్లు కాస్త కుదిరాక వెంటనే ఆటలోకి దించండి. ముగ్గురికి ముగ్గురు, సగం కోర్టు, డ్రిబుల్ పూర్తిగా నిషేధం. బంతి అందుకున్నవాడు ఆగాలి, పివట్ తిరగాలి, పాస్ ఇవ్వాలి, ఇచ్చాక నిలబడకుండా రింగు వైపు కదలాలి. మొదటి రెండు రోజులు గందరగోళంగా ఉంటుంది. పిల్లలు విసుక్కుంటారు కూడా. తర్వాత వాళ్లకే తెలుస్తుంది, బంతి లేనివాడు కదిలితేనే బంతి ఉన్నవాడికి దారి దొరుకుతుందని. నిజానికి ఈ ఆట పుట్టింది ఇలాగే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నిబంధనల్లో డ్రిబ్లింగ్ మాటే లేదు. బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, అందుకున్న చోటి నుంచే విసరాలి అన్నాడు. ఆ నైస్మిత్ ఎవరో కాదు, మీలాగే వ్యాయామ ఉపాధ్యాయుడు. చలికాలంలో కుర్రాళ్లు లోపల కూర్చుని అల్లరి చేస్తుంటే, నాలుగు గోడల మధ్య ఆడించడానికి ఏదో ఒకటి కనిపెట్టమని పైవాళ్లు ఆయన నెత్తిన పెట్టారు. తను ఎప్పుడూ ఆడని ఆటనే ఆయన మొట్టమొదట నేర్పించాల్సి వచ్చింది. ఆడని నేను నేర్పగలనా అన్నారు కదా, దానికి నా జవాబు ఇదే.

ప్రెస్ విరగ్గొట్టడానికి ప్రత్యేకంగా ఒక ఆట ఆడించండి. సగం కోర్టులో మనవాళ్లు ముగ్గురు, వాళ్లను పట్టుకునేవాళ్లు నలుగురు. బేస్ లైన్ నుంచి బంతి లోపలికి వేసి 8 సెకన్లలో గీత దాటించాలి. మీరు పైకి లెక్కపెట్టండి. చెప్పాల్సినవి మూడే మాటలు: మూలకు వెళ్లొద్దు, ఒకడు ఎప్పుడూ మధ్యలో ఉండాలి, ముందుకు దారి లేకపోతే వెనక్కి ఇవ్వు. మన పిల్లలకు వెనక్కి పాస్ ఇవ్వడం ఓటమిలా అనిపిస్తుంది. ప్రేక్షకుల్లోంచి కూడా 'ముందుకెయ్యరా' అని అరుపులు వస్తాయి. వెనక నిలబడ్డవాడికి ఇచ్చి బంతిని రెండో వైపు తిప్పడమే ప్రెస్‌కు అసలు విరుగుడు. నలుగురి మీద ముగ్గురు దాటించడం అలవాటైతే, మ్యాచ్‌లో ఐదుగురి మీద ఐదుగురు ఆడటం తేలిగ్గా ఉంటుంది.

ఇప్పుడు గంట సమయం ఎలా వాడాలో చూద్దాం. మీరు రాయలేదు గానీ, లేఅప్ (రింగు దాకా పరిగెత్తి ఎగిరి దగ్గర్నుంచి వేసే షాట్) కోసం అందర్నీ ఒక వరసలో నిలబెడుతుంటారని నా అనుమానం. మన స్కూళ్లలో ఎక్కడ చూసినా అదే. లెక్క వేయండి. ఒకరి వంతుకు 8 సెకన్లు అనుకుంటే 26 మంది పూర్తయ్యేసరికి మూడున్నర నిమిషాలు. పావుగంట చేయిస్తే ఒక్కొక్కరికి నాలుగు వంతులు. మిగతా సమయమంతా రేషన్ షాపు దగ్గర నిలబడ్డట్టు నిలబడటమే.

ఆ వరస తీసేయండి. కాళ్ల పని పది నిమిషాలు అయ్యాక పిల్లల్ని నాలుగు గుంపులు చేయండి, ఒక్కో చోట 9 నిమిషాలు. ఒక రింగు దగ్గర డ్రిబుల్ లేని ముగ్గురికి ముగ్గురు ఆట, ఏడో పిల్లాడుంటే ప్రతి బుట్టకూ ఒకరు మారతారు. రెండో రింగు దగ్గర లేఅప్, దగ్గరి షూటింగ్. మూడో గుంపు క్లాస్‌రూమ్ గోడకు పాత వాలీబాల్‌లతో పాస్‌లు. చెస్ట్ పాస్ (ఛాతీ దగ్గర్నుంచి నేరుగా), బౌన్స్ పాస్ (నేలకు కొట్టి), ఒంటిచేత్తో పక్కకు ఇచ్చే పాస్. బౌన్స్ పాస్ మన దగ్గర కన్నా అందుకునేవాడి దగ్గరగా, దూరంలో మూడింట రెండొంతుల దగ్గర నేలకు తగలాలి. నాలుగో గుంపుకు మిగతా మూడు బంతులతో డ్రిబ్లింగ్. ఎడమచేత్తో చేస్తుంటే మీరు వేళ్లు చూపించండి, ఎన్నో వాళ్లు చెప్పాలి. అప్పుడు తల దానంతటదే పైకి లేస్తుంది. చివరి 14 నిమిషాలు ప్రెస్ ఆట. గంట అయిపోయింది.

లేఅప్ వెనక నుంచి ముందుకు నేర్పండి. ముందు రింగు పక్కన నిలబడి ఎడమకాలి మీద ఎగిరి కుడిచేత్తో బోర్డుకు వేయడం. అది వచ్చాక రెండడుగులు, కుడి, ఎడమ, ఎగురు. ఆ తర్వాతే డ్రిబుల్ కలపడం. బోర్డు మీద గీసి ఉండాల్సిన పెట్టె 59 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల ఎత్తు. స్కూల్ బోర్డుల మీద అది ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది, మళ్లీ పెయింట్ వేయించండి. గురి పెట్టాల్సింది దాని పై మూలకే. రెండో వారానికల్లా ఎడమ వైపు నుంచి ఎడమచేత్తో మొదలుపెట్టాలి. పిల్లలు తప్పించుకోజూస్తారు, వదలొద్దు.

షూటింగ్ గురించి మీ పిల్లల అభిప్రాయాలు నాకు తెలుసు. అందరూ దూరపు షాట్లకు పేరున్న స్టెఫెన్ కర్రీలే. సగం గీత దగ్గర్నుంచి విసురుతుంటారు. కర్రీ స్కూల్లో ఉండగా బంతిని నడుం దగ్గర్నుంచి వేసేవాడు. తండ్రి డెల్ కర్రీ, ఆయనా ప్రొఫెషనల్ ఆటగాడే, ఒక వేసవంతా కూర్చుని ఆ పద్ధతి మొత్తం మార్పించాడు. ఆ వేసవిలో కర్రీ చాలా రోజులు రింగుకు దగ్గర్నుంచే వేశాడని మీ వాళ్లకు చెప్పండి. మొదట మీటరు దూరం నుంచి, ఒంటిచేత్తో, మోచెయ్యి బంతి కింద ఉండేట్టు, మణికట్టు చివరికి కిందికి వాలేట్టు. దూరం పెంచినప్పుడు పద్ధతి చెడితే మళ్లీ ఒక అడుగు ముందుకు రావాలి. 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత మీ పిల్లలకు ఇప్పుడు అనవసరం.

ఒకే చోటి నుంచి వంద వేయించడం కూడా మానేయండి. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ఎనిమిదేళ్ల పిల్లలతో గింజల సంచులు గురికి విసిరించారు. కొందరికి మూడడుగుల దూరం నుంచే సాధన, కొందరికి రెండు, నాలుగు అడుగుల నుంచి మార్చి మార్చి సాధన. చివర్లో మూడడుగుల నుంచి పరీక్ష పెడితే, ఆ దూరం సాధన చేయనివాళ్లే బాగా వేశారు. మీ దగ్గరా ప్రతి షాటుకూ చోటు మార్పించండి. ఒకటి ఎడమ పక్క నుంచి, ఒకటి ఎదురుగా, ఒకటి పాస్ అందుకుని, ఒకటి ఒక డ్రిబుల్ తర్వాత. సాధనలో తప్పులు ఎక్కువ కనిపిస్తాయి, మీరు కంగారు పడొద్దు. మ్యాచ్‌లో ఏ రెండు షాట్లూ ఒక్కలాగ రావు కదా.

ఇక మీ పొడుగబ్బాయి. నాకు అసలు చెప్పాలనున్నది ఇతని గురించే. ఎనిమిదో తరగతిలో 5 అడుగుల 10 అంగుళాలు అంటే రెండు రకాలుగా అవ్వొచ్చు. ఇంకా పెరిగి ఆరున్నర అడుగులకు వెళ్లొచ్చు. లేదా ఈడు ముందే వచ్చిన పిల్లాడై ఉండొచ్చు. అలాంటివాళ్లు తొందరగా పెరిగి తొందరగా ఆగిపోతారు. ఇంటర్‌కు వచ్చేసరికి తోటివాళ్లు అందుకుంటారు. అప్పుడు ఇతను మామూలు ఎత్తువాడు, పైగా డ్రిబుల్ రాదు, పాస్ రాదు, రింగుకు మూడడుగుల అవతలి నుంచి వేయడం రాదు. ఆటే మానేస్తాడు. అలా మానేసిన 'పొడుగు స్టార్లు' ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. మీరు అతన్ని రింగు కింద నిలబెట్టడం వల్ల మండల కప్పు మీకు దక్కింది, నష్టం అతనిది. ఈ మాట కొంచెం కటువుగా ఉందని తెలుసు.

పెరుగుతాడనే అనుకుందాం. అప్పుడైతే గార్డు పనులు, అంటే బంతిని ముందుకు తెచ్చి పాస్‌లు ఇచ్చే పనులు, ఇంకా ముఖ్యం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడే ఆంథొనీ డేవిస్ స్కూల్లో మామూలు ఎత్తుతో గార్డుగా ఆడాడు. తర్వాత ఒక్కసారిగా పెరిగి 6 అడుగుల 10 అంగుళాల వాడయ్యాడు. పొట్టిగా ఉన్నప్పుడు నేర్చుకున్న చేతులు అలాగే ఉన్నాయి కాబట్టి 2012 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) మొదటి ఎంపిక అయ్యాడు. నికొలా యోకిచ్ ఎత్తు 2 మీటర్ల 11 సెంటీమీటర్లు. పెద్దగా ఎగరడు, వేగంగా పరిగెత్తడు. 2014 డ్రాఫ్ట్‌లో 41వ వాడిగా తీసుకున్నారు. పాస్ ఇవ్వడంలో అతన్ని మించిన పొడుగువాడు లేడు, మూడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. మీవాడు ఎన్‌బీఏకు వెళ్తాడని నేను అనడం లేదు. ఎత్తున్నవాడికి పాస్ నేర్పితే ఏమవుతుందో అంటున్నాను. మీ ప్రెస్ సమస్యకు కూడా మందు అక్కడే ఉంది. ఇతన్ని కోర్టు మధ్యలో నిలబెట్టండి. అందరి తలల మీదుగా కోర్టంతా కనిపించేది ఇతనికే. మధ్యలో బంతి అందుకుని, తిరిగి, పరిగెత్తేవాడికి ఇచ్చాడంటే ప్రెస్ అయిపోయినట్టే.

మధ్యలో ఒక మాట, తల్లిదండ్రులు తప్పకుండా అడుగుతారు కాబట్టి: బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవరు. పొడుగువాళ్లను ఆటలోకి ఏరుకుంటారు కాబట్టి అలా కనిపిస్తుంది.

ప్లేలు గుర్తుండకపోవడం మీ పిల్లల తప్పు కాదు. పాస్ ఇస్తున్నప్పుడు చేతులు వణుకుతుంటే మూడో అడుగులో ఎటు వెళ్లాలో ఎవరికి గుర్తుంటుంది? ప్లేల బదులు మూడు అలవాట్లు చాలు. పాస్ ఇచ్చాక కదలాలి. మనవాళ్లిద్దరి మధ్య నాలుగైదు మీటర్ల దూరం ఉండాలి. డిఫెండర్ బంతి దారికి అడ్డం వస్తే వాడి వీపు వెనక నుంచి రింగు వైపు దూరాలి.

డిఫెన్స్ గురించి మీకు నేను చెప్పడం ఎందుకు? మీరు కబడ్డీ ఆటగాడు. రైడర్ వచ్చినప్పుడు వాడి చేతుల్ని, కళ్లని చూడరు, నడుమును చూస్తారు. మోకాళ్లు వంచి, కాలు కాలూ తగలకుండా పక్కకు జరుగుతారు. పక్కవాడితో మాట్లాడుతూ మూలకు తోస్తారు. ఒక్కొక్కరూ ఒకణ్ని కాసే మ్యాన్-టు-మ్యాన్ డిఫెన్స్ అంటే అచ్చంగా అదే, చేత్తో పట్టుకోకూడదు అంతే. ఈ ఒక్క విషయంలో జీవితాంతం బాస్కెట్‌బాల్ ఆడిన కోచ్ కన్నా మీరే బాగా నేర్పగలరు. జోన్ (మనిషిని కాకుండా చోటును కాసే డిఫెన్స్) మాత్రం ఇప్పుడు వద్దు. పొడుగబ్బాయిని మధ్యలో పెట్టి 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) వేస్తే మండలంలో గెలుస్తారు, నిజమే. పిల్లలు మాత్రం తమ చోటుకు కాపలా కాయడమే నేర్చుకుంటారు, ఎదుటివాణ్ని ఆపడం రాదు.

తప్పులు దిద్దే తీరు కూడా చెబుతాను. అమెరికాలో యూసీఎల్‌ఏ కోచ్ జాన్ వుడెన్ 1964 నుంచి 1975 వరకు 12 ఏళ్లలో 10 జాతీయ కాలేజీ టైటిళ్లు గెలిపించాడు. 1974-75 సీజన్‌లో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆయన ప్రాక్టీసులకు వెళ్లి ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా రాసుకున్నారు. పొగడ్తలు తక్కువ, తిట్లూ తక్కువ. ఎక్కువ భాగం 'ఇలా చెయ్యి' అనే చిన్న సూచనలే. తప్పు కనిపిస్తే సరైనది చేసి చూపించేవాడు, పిల్లాడు చేసినట్టు చేసి చూపించేవాడు, మళ్లీ సరైనది చూపించేవాడు. అంతా కొన్ని సెకన్లలో ముగిసేది. ఆటగాళ్లకు ఆయన చెప్పే మొదటి పాఠం సాక్స్ ముడత పడకుండా తొడుక్కోవడం. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే ప్రాక్టీసు లేదు. సిమెంటు కోర్టు మీద కాన్వాస్ బూట్లతో ఆడే మన పిల్లలకు ఇది ఇంకా అవసరం. ఉపన్యాసాలు తగ్గించండి. ఐదు నిమిషాల ఉపన్యాసం అంటే 26 మంది ఐదు నిమిషాలు ఆడకుండా నిలబడటం.

బంతుల విషయం. 7వ సైజు బంతి సుమారు 600 గ్రాములు, మగవాళ్ల కోసం చేసింది. పదకొండేళ్ల పిల్లాడు దాన్ని రింగుకు చేర్చడానికి భుజం మీద నుంచి గుండు విసిరినట్టు విసురుతాడు, ఆ అలవాటు తర్వాత పోదు. ఆరు, ఏడు తరగతులకు 5వ సైజు, ఆడపిల్లలకు 6వ సైజు. ఈసారి చందా వస్తే ముందు ఇవి కొనండి. పోటీలకు ఏ సైజో సర్క్యులర్‌లో చూసి, ఆ ముందు కొన్ని వారాలు దానితో ఆడించండి. రింగు ఎత్తు కూడా అంతే. 3.05 మీటర్లు అనే కొలత వెనక శాస్త్రమేమీ లేదు. నైస్మిత్ బుట్టలు కొట్టించిన బాల్కనీ పది అడుగుల ఎత్తులో ఉంది, అదే నిలిచిపోయింది. పన్నెండేళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు 2.60 మీటర్లకే ఉంటుంది. 16 నుంచి 20 మిల్లీమీటర్ల కడ్డీతో, లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు ఉండేలా మీ ఊరి వెల్డింగ్ షాపులో ఒక రింగు చేయించి గోడకు బిగించండి. చిన్నపిల్లలకు అది చాలు.

ఆడపిల్లలు ఏడుగురే ఉన్నారని పక్కన కూర్చోబెట్టొద్దు. ముగ్గురికి ముగ్గురు ఆటలో అబ్బాయిలతో కలిపే ఆడించండి. ట్రాక్ ప్యాంట్లతో ఆడతామంటే ఆడనివ్వండి, చీకటి పడకముందే పంపించండి. సగం ఇళ్లలో అభ్యంతరం ఆట గురించి ఉండదు, ఇంటికి చేరే వేళ గురించే ఉంటుంది. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా చూడండి. మోకాలి లోపలి లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కన్నా అమ్మాయిలకే ఎక్కువ. అందరికీ నేర్పాల్సిందే, వీళ్లకు ఇంకా శ్రద్ధగా. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి నొప్పి అని ఎవరైనా అంటే అది పెరిగే వయసులో గెంతులు ఎక్కువై వచ్చేది. 'ఓర్చుకోరా' అనకండి. గెంతులు తగ్గించి పాస్‌లు, డ్రిబ్లింగ్ చేయించండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఒంటిపూట బడులప్పుడు ప్రాక్టీసు ఉదయం ఆరింటికి మార్చుకోండి. సాయంత్రం ఆడేరోజు పిల్లలు ఖాళీ కడుపుతో రాకుండా ఉడకబెట్టిన శనగలో, ఒక అరటిపండో తినాలి.

హెడ్మాస్టరు గారి సంగతి. ఆయనకు కప్పు కావాలి, మీకు సమయం కావాలి. ఆయనకు చూపించడానికి ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవానికి తరగతుల మధ్య త్రీ-ఎక్స్-త్రీ పోటీ పెట్టండి. జట్టుకు ముగ్గురు, ఒక సబ్‌స్టిట్యూట్. ఒకే రింగు. 10 నిమిషాలు లేదా ముందుగా 21 పాయింట్లు. మూడు పాయింట్ల గీత (ఆర్క్) లోపలి నుంచి ఒకటి, బయటి నుంచి రెండు. టోక్యో నుంచి ఇది ఒలింపిక్ ఆట, ఆ మాట ఆయనతో తప్పకుండా అనండి. బహుమతులు ఆయన చేతుల మీదుగానే ఇప్పించండి. 26 మందీ ఆడతారు, ఊరివాళ్లు వస్తారు, ఫొటోలు వస్తాయి. ప్రాక్టీసుకు వచ్చే పిల్లల హాజరు, మార్కులు కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అడిగినప్పుడు చూపించడానికి పనికొస్తుంది.

మీకు ఇంకా నేర్చుకోవాలని ఉంటే పాటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చూడండి. సెలవుల్లో కుదిరితే వెళ్లొచ్చు. కోర్సు అయ్యేదాకా మొదలుపెట్టకుండా ఆగక్కర్లేదు.

ఈలోగా ఒక చిన్న పని. పక్క మండలం జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్‌లు పెట్టుకుని, మనవాళ్లు సగం గీత దాటకముందే బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో, అందులో ట్రావెలింగ్ ఎన్ని, చెడ్డ పాస్‌లు ఎన్ని అని ఒక పిల్లాడి చేత రాయించండి. స్కోరు అవసరం లేదు. రెండు మూడు మ్యాచ్‌ల లెక్కలు పంపితే, తర్వాత దేని మీద పనిచేయాలో అవి చూసి రాస్తాను.